పెద్ద టెలిస్కోపు దగ్గర ఒక్క రాత్రైనా పనిచెయ్యాలంటే ఎలా? (ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఒంగోలు)

చుక్కల_పిచ్చి:
అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడు, మాది ఒంగోలు. ఆస్ట్రానమీలో పీహెచ్‌డీ చెయ్యాలని ఎప్పట్నించో ఉంది కానీ ఇప్పటిదాకా నేను కన్ను పెట్టిన టెలిస్కోప్ అంటే ఒక సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెట్టిన మూడంగుళాలది, అది కూడా నలభై నిమిషాలు లైన్లో నిలబడితే నా వంతొచ్చేసరికి చందమామ మీదకి మబ్బొచ్చింది. మొన్న ఒక సమ్మర్ ప్రాజెక్ట్ ఇంటర్వ్యూలో అబ్జర్వింగ్ ఏమైనా చేశావామ్మా అని అడిగారు, స్టెల్లేరియం (కంప్యూటర్లో ఆకాశం చూపించే సాఫ్ట్‌వేర్) బాగా వాడతానండీ అన్నా, ఇద్దరూ నవ్వారు, మంచిగానే నవ్వారు లెండి కానీ రాత్రంతా అదే గుర్తొచ్చింది. నాలాంటి వాళ్ళని అసలు పెద్ద టెలిస్కోప్ దగ్గరికి రానిస్తారా? ఎవర్ని అడగాలి, ఏం నేర్చుకుని వెళ్ళాలి? ఇంకో సంగతి, పెద్ద టెలిస్కోప్ ఉన్న కావలూరు వెళ్తానంటే మా అమ్మ కావలి అనుకుని "మన పక్కూరేగా, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్" అంది. ఆవిడకి ఇంకా నిజం చెప్పలేదు.

జవ్వాది_గాలి:
హహ కావలి, ఇది నేను మా ఇంట్లో కూడా విన్నా. మాది కుప్పం, నాకైతే కావలూరు దగ్గరే, కుప్పంలో రైలెక్కితే జోలార్‌పేట, అక్కడ్నుంచి ఆలంగాయం మీదుగా బస్సులో కొండెక్కేదే. తమిళనాడులో జవ్వాది కొండల మీద ఉండాది, మరీ ఎత్తేం కాదు, 725 మీటర్లు. అక్కడ 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోప్, 1.3 మీటర్లది ఒకటి, 1972లో పెట్టిన జైస్ కంపెనీ ఒక మీటర్ టెలిస్కోప్ ఉన్నాయి. పీహెచ్‌డీలో మొత్తం ముప్పై రాత్రులదాకా కూర్చున్నా, అందులో సగం మబ్బులే చూసినా.

నీ ప్రశ్నకి సూటిగా జవాబు: రానిస్తారు, కానీ నువ్వొక్కదానివే పోయి టైమియ్యండి అంటే ఇయ్యరు. టెలిస్కోప్ టైమ్ అనేది ప్రపోజల్ రాసి తెచ్చుకునేది, లడఖ్‌లో ఉండే హాన్లే టెలిస్కోప్‌కి ఏడాదిలో మూడు సైకిళ్ళు, నాలుగేసి నెలలకొకటి. ఒక కమిటీ కూర్చుని ఎవరికి ఎన్ని రాత్రులు అని పంచుతుంది. స్టూడెంట్‌కి దారేందంటే, ఆల్రెడీ రాత్రులు వచ్చిన వాళ్ళ వెనక పోవడం. బెంగళూరు ఐఐఏ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్)లో ఇంటర్న్‌షిప్పో విజిటింగ్ స్టూడెంట్‌గానో చేరితే నీ గైడ్‌కో ఆయన పీహెచ్‌డీ పిల్లోళ్ళకో రాత్రులు ఉంటాయి, నేనూ వస్తా సార్ అని అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ. రాత్రి మూడింటికి లాగ్ రాసేదానికి ఇంకో మనిషి దొరికితే ఎవరికి చేదు?

కుండబద్దలు:
నేను కొంచెం గట్టిగా చెప్తా, ఏమనుకోవద్దు. ఈ రొమాన్స్ అంతా పాతకాలంది. హాన్లేలో 4500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్‌ని బెంగళూరు పక్కన హొసకోటె దగ్గర గదిలో కూర్చుని శాటిలైట్ లింక్‌తో నడుపుతారు, పాతికేళ్ళ నుంచీ అంతే. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో ఆకాశమంతా తనే గాలిస్తుంది, ఎవరూ వెళ్ళి ఐపీస్‌లో కన్ను పెట్టరు. అక్కడే ఉన్న యూరప్ వాళ్ళ పరానల్ అబ్జర్వేటరీలో కూడా చాలామంది సర్వీస్ మోడ్‌లో ఇంట్లో కూర్చునే డేటా తెచ్చుకుంటారు. ఆ పాప టైమంతా పైథాన్ మీద, స్టాటిస్టిక్స్ మీద పెడితే ఉద్యోగమైనా వస్తుంది. డోమ్‌లో చలికి వణికితే సైన్స్ రాదు.

ఓరుగల్లు_రేడియో:
కుండబద్దలన్నా, సగం నిజమే చెప్పినవ్ గని సగం తప్పు. నేను జీఎమ్మార్టీ రేడియో టెలిస్కోప్ దగ్గర చేసిన, పుణె అవతల నారాయణగావ్ దగ్గర ఖోడద్. 45 మీటర్ల డిష్‌లు ముప్పై, అండ్ల పద్నాలుగు నడిమిట్ల ఒక్క దగ్గర్నే ఉంటయ్, మిగతా పదహారు వై అక్షరం లెక్క మూడు దిక్కులకు పోతయ్. రేడియో కాబట్టి పగలు కూడా అబ్జర్వేషన్ నడుస్తది, మబ్బు బాధ లేదు. ఐపీస్ లేదు, చేత్తో తిప్పేదేం లేదు. అయినా కంట్రోల్ రూమ్ల కూసుంటె నేర్సుకునేది వేరే. మొదటిసారి నేను పోయినప్పుడు ఒక డిష్ డేటా మొత్తం పిచ్చి పిచ్చిగ వస్తుంది, నేనేమో నా కోడ్ల తప్పనుకున్న, ఆడున్న ఆపరేటర్ స్క్రీన్ దిక్కు గిట్ల సూసి "గా డిష్ కదుల్తలేదు, గాలి ఎక్కువైంది పార్క్ చేసిన్రు" అన్నడు. గది నా కోడ్ ఎన్నడు చెప్తది?

ఇంగ ముఖ్యమైంది, డిసెంబర్ల పుణెల రేడియో ఆస్ట్రానమీ వింటర్ స్కూల్ పెడ్తరు, ఆడి ఆస్ట్రానమీ సంస్థలు ఎన్‌సీఆర్‌ఏ, ఐయూకా కలిసి. డిగ్రీ పిల్లలకు, ఎమ్మెస్సీ వాళ్ళకు మంచిది. ఫిబ్రవరి 28 సైన్స్ డేకు జీఎమ్మార్టీ గేట్లు అందరికీ తెరుస్తరు, జాతర లెక్క ఉంటది, కంట్రోల్ రూమ్ సూడొచ్చు. ముందుగాల గది సూసి రా.

రిటైర్డ్_మాస్టారు:
అమ్మాయీ, నేను ఉస్మానియాలో చదివే రోజుల్లో జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోప్ మీద పనిచేశాను. హైదరాబాద్ నుంచి జీపులో వెళ్ళేవాళ్ళం, అన్నం క్యారియర్లో, టీ ఫ్లాస్కులో. మాకు కెమెరా లేదు, చుక్క వెలుగు కొలిచే ఫోటోమీటర్. ఒక పోలిక చుక్క, తర్వాత వెలుగు మారే మన వేరియబుల్ చుక్క, తర్వాత ఖాళీ ఆకాశం, మళ్ళీ పోలిక చుక్క, ఒక్కోదానికి యూ, బీ, వీ మూడు ఫిల్టర్లు, చార్టు కాగితం మీద పెన్ను గీత గీసుకుంటూ పోతుంది, పక్కన పెన్సిల్‌తో టైము రాసుకోవాలి. ఇదే పని రాత్రంతా. గ్రహణ జంట తారలు, అంటే ఒకదాన్నొకటి కప్పే చుక్కలు, వాటి వెలుగు ఎప్పుడు తగ్గుతుందో పట్టుకోడానికి. తెల్లవారుజామున నిద్రమత్తులో నేను పోలిక చుక్క బదులు పక్క చుక్క పెట్టాను, గంటన్నర డేటా పోయింది. మా సార్ ఏమీ అనలేదు, మర్నాడు ఆ కాగితం మొత్తం నా చేతే స్కేలుతో కొలిపించారు, పనికిరాదని తెలిసీ. ఆ తర్వాత జన్మలో చుక్క మారలేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా అబ్జర్వేటరీ మీదుగానే వెళ్ళింది. ఎక్కడెక్కడి వాళ్ళో పెట్టెలు మోసుకుని వచ్చారు. నేను కేబుళ్ళు పట్టుకుని పరిగెత్తే కుర్రాణ్ణి, ఆకాశం చూసింది మహా అయితే పది సెకన్లు. ఇప్పటికీ ఆ పది సెకన్లే చెప్పుకుంటాను.

అన్నట్టు ఆ కావలూరు పెద్ద టెలిస్కోప్‌కి పేరున్న బప్పు గారు మన హైదరాబాద్ మనిషే అనుకోవచ్చు. వాళ్ళ నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి, ఆయన చదివింది నిజాం కాలేజీలో. బేగంపేట్‌లో ఆ గుమ్మటాల మధ్య పెరిగిన పిల్లవాడే తర్వాత కావలూరు కొండని వెతికి పట్టుకున్నాడు. 1968లో అక్కడ మొదట పెట్టింది 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపే. 1986లో పెద్దది తెరుచుకుని ఆయన పేరు పెట్టుకునేసరికి ఆయన లేరు, 1982లోనే పోయారు.

ఇంట్లోడాబ్:
వైజాగ్ నుంచి. నేను ప్రొఫెషనల్ కాదు, బ్యాంకులో పని, డాబా మీద ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. మాస్టారు చెప్పిన ఆ పోలిక చుక్క పద్ధతి ఉంది చూశారూ, దాన్ని కంటితోనే చెయ్యొచ్చు. 2019 చివర్లో ఆరుద్ర నక్షత్రం, అదే బెటల్‌గ్యూస్, మసకబారింది కదా, 2020 ఫిబ్రవరికి కంటికి తెలిసేంత తగ్గిపోయింది, నేను రోజూ డాబా ఎక్కి రోహిణితో పోల్చి అంచనా రాసేవాణ్ణి. అమెరికాలో వేరియబుల్ చుక్కల సంఘం ఏఏవీఎస్‌వో అని ఉంది, మనలాంటి వాళ్ళ లెక్కలు కూడా తీసుకుంటారు. కాబట్టి చెల్లీ, ముందు ఇంటర్వ్యూలో స్టెల్లేరియం అనకుండా "మూడు నెలలు మీరా అనే వేరియబుల్ చుక్కని బైనాక్యులర్‌తో ఫాలో అయ్యాను, ఇదిగో గ్రాఫ్" అను, నవ్వరు. గ్రహశకలాలు వెతికే క్యాంపెయిన్లు కూడా ఉంటాయి, పాన్‌స్టార్స్ టెలిస్కోప్ తీసిన ఫోటోలు పంపిస్తారు, ఆస్ట్రోమెట్రికా సాఫ్ట్‌వేర్‌లో కదిలే చుక్కని పట్టుకోవాలి, ఖర్చు లేదు.

కుండబద్దలు:
ఆస్ట్రోమెట్రికా అంటే నేను చెప్పిందే కదా సార్, కంప్యూటర్ ముందు కూర్చోవడం 😀

జవ్వాది_గాలి:
అన్నా నీకొక రాత్రి కథ చెప్తా, ఏ టెలిస్కోప్ అనేది మాత్రం అడగొద్దు. పౌర్ణమికి రెండు రోజుల ముందు. కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద అంతా బాగుండాది, చుక్క గుండ్రంగా ఉండాది, చుక్క జారకుండా పట్టుకునే గైడింగ్ నడుస్తా ఉండాది, నేను హ్యాపీగా అరగంట ఎక్స్‌పోజర్ కొట్టినా. నైట్ అసిస్టెంట్ అన్న బీడీకని బయటికి పోయొచ్చి, "తంబీ, చందమామ చుట్టూ గుడి కట్టింది" అన్నాడు. బయటికి పోయి చూస్తే నిజమే, పల్చటి పొర మబ్బు, కంటికే సరిగ్గా ఆనదు. స్పెక్ట్రమ్ అయితే ఏదో వాడుకోవచ్చు గానీ ఆ రాత్రి వెలుగు కొలతలన్నీ చెత్త. ఆ మాట నా లాగ్‌లో రాసుకోకుంటే ఆర్నెల్ల తర్వాత నా చుక్క మసకబారిందని పేపర్ రాసేసేవాణ్ణి. డేటా సరిచేసే పైప్‌లైన్ కోడ్‌కి చందమామ గుడి తెలీదు కదప్పా.

ఇంకో సంగతి. సాయంత్రం కెమెరాకి లిక్విడ్ నైట్రోజన్ పోసేటప్పుడు చూడు చెల్లీ, అది మైనస్ 196 డిగ్రీలు. గరాటాలో పోస్తా ఉంటే మొదట బుస్సుమని వెనక్కి తంతాది, తెల్లటి పొగ కాళ్ళ మీదుగా నేల మీదికి పారతాది, లోపల డబ్బా చల్లబడే కొద్దీ బుసబుస తగ్గి గొణుగుడులోకి దిగుతాది. ఆ గొణుగుడు వినిపిస్తే నిండొచ్చినట్టు లెక్క. ఇది నాకెవరూ పుస్తకంలో చెప్పలేదు. మర్చిపోతే తెల్లారేలోపు కెమెరా వేడెక్కి ఫోటోలన్నీ ఇసక చల్లినట్టు వస్తాయి.

లాపాల్మా_అక్క:
ఆలస్యంగా చూశా. నేను గుంటూరు, ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఉంటున్నా, ఇక్కడ చదువుకునేటప్పుడు ఒక ఏడాది లా పాల్మా దీవిలో ఐజాక్ న్యూటన్ టెలిస్కోప్ దగ్గర స్టూడెంట్ సపోర్ట్ ఆస్ట్రానమర్‌గా చేశా. 2.5 మీటర్ల టెలిస్కోప్, 1967లో ఇంగ్లండ్‌లో పెట్టారు, అక్కడ మబ్బులు వానలు, చివరికి 1984కి కెనరీ దీవులకి తెచ్చి బిగించారు. విశేషం ఏంటంటే దానికి రాత్రి ఆపరేటర్ ఉండడు, వచ్చిన వాళ్ళే నడుపుకోవాలి, మొదటి రాత్రి నాలాంటి స్టూడెంట్ పక్కన కూర్చుని నేర్పిస్తుంది, రెండో రాత్రి నుంచి వాళ్ళ పాట్లు వాళ్ళవి. అంటే ఇరవై మూడేళ్ళ పిల్ల వెళ్ళి పెద్ద పెద్ద ప్రొఫెసర్లకి ఇలా ఫోకస్ చెయ్యండి, ఇక్కడ నొక్కకండి అని చెప్పడమన్నమాట, మొదటి నెల నాకు గొంతు పెగల్లేదు. అందులో కొంతమందికి డేటా మీద ఇరవై ఏళ్ళ అనుభవం ఉంటుంది, ఫోకస్ రన్ మాత్రం చెయ్యడం రాదు. ఇప్పుడు ఆ టెలిస్కోప్‌ని హార్ప్స్3 అనే పరికరం కోసం మార్చేస్తున్నారు కాబట్టి పాత పద్ధతి అలాగే ఉంటుందని అనుకోవద్దు.

కుండబద్దలు గారికి ఒక మాట. పరానల్‌లో సర్వీస్ మోడ్ నిజమే, కానీ ఆ సర్వీస్ చేసేది మనుషులే కదండీ. అక్కడి ఫెలోలు ఏడాదికి 80 రాత్రులు డ్యూటీ చేస్తారు. మీరు ఇంట్లో పడుకున్నప్పుడు మీ డేటా తీసేవాళ్ళు ఎక్కడో నేర్చుకునే వచ్చారు.

నా పరువు తక్కువ పని కూడా చెప్తా, ఇంకో చోట జరిగింది, పేరొద్దు. సాయంత్రం టెలిస్కోప్ తెరిచాం, మొదటి ఫోటో నల్లగా వచ్చింది. రెండోదీ అంతే. కోఆర్డినేట్లు చూశా, ఫిల్టర్ చూశా, సాఫ్ట్‌వేర్ ఆపి మళ్ళీ పెట్టా, ఇరవై నిమిషాలు. చివరికి టార్చి తీసుకుని పైకెళ్తే అద్దం మూతలు తియ్యలేదు. అప్పట్నించి ఎక్కడికెళ్ళినా నా మొదటి పని టార్చి వేసి అద్దం వైపు చూడ్డం. రిమోట్‌లో అయితే సాఫ్ట్‌వేర్‌ని ఇంకో గంట తిట్టుకునేదాన్ని.

కుండబద్దలు:
సరే మూతల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఒంగోలు పిల్లకి లా పాల్మా ఎవరు ఇస్తారండీ, ఆ మాట కూడా చెప్పండి. ఆశ పెట్టి వదిలేస్తే ఎలా? నేను ఆ దారిలో నాలుగేళ్ళు నడిచి బయటికొచ్చినవాణ్ణి, అందుకే చెప్తున్నా.

చుక్కల_పిచ్చి:
అందరికీ చాలా థాంక్స్, రెండుసార్లు చదివా. కుండబద్దలు అన్నయ్యా నాకు కోపమేం లేదు, పైథాన్ ఎలాగూ నేర్చుకుంటున్నా. కానీ ఒక డౌట్, నేను వెళ్ళేలోపు ఏం వచ్చి ఉండాలి? అంటే వెళ్ళి దిక్కులు చూస్తూ నిలబడకుండా.

జవ్వాది_గాలి:
మంచి ప్రశ్న. ముందు నీ చుక్క ఆ నెలలో ఎన్ని గంటలు కనిపిస్తాదో గీసుకో. నడినెత్తిన ఉంటే ఎయిర్‌మాస్ (వెలుగు దాటొచ్చే గాలి మందం) 1, నెత్తి నుంచి 60 డిగ్రీలు దిగితే 2, అంతకన్నా కిందికి పోతే గాలి మందంలో చుక్క ఉడికిపోతాది. చందమామ ఏ తిథిలో ఎక్కడుంటాదో అమ్మమ్మని అడిగినా చెప్తుంది. ప్రపోజల్ కమిటీ అడిగేది కూడా ఇదే, నీ చుక్క ఎంత మసక, ఎన్ని గంటలు కావాల, వెన్నెలున్నా పర్లేదా, ఈ టెలిస్కోపే ఎందుకు. ఉత్త కాగితం మీద ఒక ప్రపోజల్ రాసి ఎవరికైనా చూపించు, టైమ్ రాకపోయినా పర్లేదు. నీ చుక్కని గుర్తుపట్టే ఫైండింగ్ చార్ట్ ప్రింట్ తీసుకో, ఫోన్లో వద్దు, చీకట్లో ఫోన్ వెలుగుకి అందరూ తిడతారు.

తర్వాత బయాస్, ఫ్లాట్ ఏందో తెలుసుకో. బయాస్ అంటే సున్నా సెకన్ల ఫోటో, కెమెరా సొంత గొడవ ఎంతో తెలుస్తాది. ఫ్లాట్ అంటే సమంగా వెలుగున్న ఆకాశం ఫోటో, పొద్దు గూకినాక పది పదిహేను నిమిషాలే టైము, వెలుగు జారిపోతా ఉంటాది, ఆ పదిహేను నిమిషాల్లో టీ తాగుదామంటే అయిపోతాది. కావలూరు పోవాలంటే జనవరి నుంచి ఏప్రిల్ లోపల చూసుకో, తర్వాత రెండు రుతుపవనాలూ వాయిస్తాయి.

లాపాల్మా_అక్క:
లాగ్‌లో టైమ్ యూటీలోనే (ప్రపంచమంతా వాడే ఒకే టైమ్) రాయి. మనకి యూటీ తేదీ పొద్దున ఐదున్నరకి మారుతుంది, నిద్రమత్తులో అక్కడే తప్పు రాస్తాం. రెండు జతల మేజోళ్ళు కూడా. ఇంట్లో వాళ్ళకి ఫోన్ నంబర్లు ఇచ్చి, గెస్ట్ రూమ్ సంగతి ముందే కనుక్కుని వెళ్ళు, మా అమ్మ కూడా మొదట్లో "రాత్రుళ్ళు ఆడపిల్లకి కొండ మీద పనేంటి" అనే అంది. ఇప్పుడు మబ్బు పట్టిందా అని తనే అడుగుతుంది.

ఓరుగల్లు_రేడియో:
మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్ ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్" అని యాభై మందికి ఒకటే పంపకు చెల్లె. ఆయన పేపర్ ఒక్కటి సదివి, అండ్ల నీకు అర్థం కానిది ఒక్కటి అడుగు. నాకు గట్లనే వచ్చింది, ఇరవై మెయిల్లకు ఒక్క జవాబు, గా ఒక్కటి సాలు.

(ఏడు నెలల తర్వాత)

చుక్కల_పిచ్చి:
ఈ థ్రెడ్ గుర్తుందా ఎవరికైనా? నేను నిన్ననే కావలూరు నుంచి వచ్చా!! పదిహేడు మెయిల్స్ పంపా, ఇద్దరు జవాబిచ్చారు, అందులో ఒకాయన ఆరు వారాల ప్రాజెక్ట్ ఇచ్చారు, వాళ్ళ పీహెచ్‌డీ అక్కతో నాలుగు రాత్రులకి నన్నూ పంపారు. మొదటి రెండు రాత్రులు మబ్బు. మేం కంట్రోల్ రూమ్‌లో క్యారమ్స్ ఆడుకున్నాం. మూడో రాత్రి పదకొండున్నరకి ఆపరేటర్ అన్న తలుపు తీసి వాసన చూసినట్టు ఒకసారి చూసి "వస్తుంది" అన్నాడు, ఎలా తెలిసిందో నాకైతే అర్థం కాలేదు, పావుగంటకి నిజంగానే తేలిపోయింది. డోమ్ తెరిచేటప్పుడు ఆ చప్పుడు, ఇనప రైలు కూత వెయ్యకుండా కదిలినట్టు ఉంటుంది, ఆ చీలికలోంచి ముందు చల్లగాలి వచ్చింది, తర్వాత చుక్కలు. దక్షిణాన అగస్త్య నక్షత్రం కొండ మీద దీపంలా ఉంది. నేను టార్చి వేసి అద్దం వైపు చూశా లాపాల్మా అక్కా, అందరూ ఎందుకు అన్నారు, చెప్పలేదు.

డేటా మొత్తం రెండు గంటల పది నిమిషాలు వచ్చింది. లాగ్ నేనే రాశా. ఒక పేజీ మొత్తం మన టైమ్‌లో రాశా, అక్క పొద్దున చూసి ఎర్ర పెన్నుతో అన్నిట్లోంచీ ఐదున్నర తీయించింది, స్కేలు ఇవ్వనందుకు సంతోషించా మాస్టారూ. చివరి రాత్రి పన్నెండు నిమిషాల పాటు గైడింగ్ నా చేతికి ఇచ్చారు, చుక్క వెలుగు లోపలికెళ్ళే సన్నటి స్లిట్‌లోంచి జారకుండా చిన్న చిన్నగా నొక్కుతూ ఉండాలి, చెమట పట్టింది ఆ చలిలో. అమ్మకి ఇప్పుడు కావలూరు ఎక్కడుందో తెలుసు, పక్కింటావిడకి తనే చెప్తోంది, కావలి కాదండీ అని.

ఒక డౌట్ మాత్రం ఉండిపోయింది. మా ఫ్లాట్లలో అక్కడక్కడా గారెల్లా గుండ్రంగా, మధ్యలో చిల్లుతో మచ్చలున్నాయి. అన్ని ఫ్లాట్లలోనూ అవే చోట్ల. ఏంటివి, నేనేమైనా తప్పు చేశానా?

జవ్వాది_గాలి:
దుమ్ము చెల్లీ. ఫిల్టర్ మీదో కెమెరా కిటికీ మీదో పడిన రేణువు ఫోకస్‌లో ఉండదు కదా, అందుకే పెద్దగా అలుక్కుపోయి నీడ పడతాది. మధ్యలో చిల్లు ఎందుకంటే టెలిస్కోప్ ముందర రెండో అద్దమో కెమెరానో నడిమధ్యలో అడ్డం ఉంటాది, దాని నీడ అది. నీ చుక్క ఫోటోల్లో కూడా అవే గారెలు అవే చోట ఉంటాయి, ఫ్లాట్‌తో భాగిస్తే పోతాయి.

కుండబద్దలు:
భాగించే కోడ్ కావాలంటే నేను పంపిస్తా పాపా, నా దగ్గర పాతది ఉంది. ఆ దుమ్ము నాకూ తెలుసు.